తీరపు అడవి ముక్కలు, ఆకు మేసే పురుగులు

నెల్లూరు తీరంలో మిగిలిన సహజమైన అడవి ఒకచోట లేదు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలో అది పెద్ద కమతంగా ఉంది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో చిన్న చెక్కగా ఉంది. ఇవి పోను గ్రామదేవతల గుడి తోపుల్లో, బకింగ్‌హాం కాలువ గట్ల మీద, ఇసుక దిబ్బల వెంట, పొలాల కంచెల్లో చిన్నాచితకా తునకలుగా మిగిలింది. ఈ తునకల నడుమ సరుగుడు, జామాయిల్, జీడిమామిడి తోటలు, వేరుశనగ చేలు, ఉప్పు మళ్ళు, రొయ్యల చెరువులు పరుచుకున్నాయి. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న అడవి ఇలా విడివిడి ముక్కలు కావడాన్ని జీవావరణ శాస్త్రంలో అడవుల ఖండీకరణ అంటారు.

ఖండీకరణ అనగానే పెద్ద జంతువుల గురించే ఎక్కువగా మాట్లాడుకుంటారు. ఆకు కొరికే, రసం పీల్చే, గింజ తొలిచే పురుగుల గురించి తక్కువ. కానీ శాస్త్రం ఇంతవరకు పేరు పెట్టిన కీటక జాతుల్లో దాదాపు సగం మొక్కలను తినే బతుకుతున్నాయి. అడవి మొక్కలు ఎంత పెరగాలో, ఏ గింజ మొలకెత్తాలో నిర్ణయించే వాటిలో ఇవి ముఖ్యమైనవి. పక్షులకూ బల్లులకూ ఇవే తిండి. అడవి ముక్కలైనప్పుడు వీటిలో కొన్ని మాయమవుతాయి, కొన్ని పెరిగిపోతాయి. ఏది ఏ దారి పడుతుందో తేల్చేవి ప్రధానంగా మూడు: ఆ పురుగు ఎన్ని రకాల మొక్కలు తినగలదు, ఎంత దూరం పోగలదు, దాన్ని తినే శత్రువులు ఆ ముక్కలో మిగిలాయా లేదా.

తీరపు అడవి ముక్కలైన తీరు

కోరమాండల్ తీరానికి ప్రత్యేకమైన ఈ అడవిని చాంపియన్, సేఠ్‌లు 1968 నాటి భారతీయ అడవుల వర్గీకరణలో ఉష్ణమండల శుష్క సతతహరిత అడవిగా గుర్తించారు. ఇక్కడి వానలో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. మిగతా నెలలు ఎక్కువగా పొడిగా ఉంటాయి. అయినా చెట్లు ఒక్కసారిగా ఆకు రాల్చి మోడులు కావు. వాటి ఆకులు చాలావరకు చిన్నవి, దళసరివి, తోలులా గట్టివి. అల్లి, నేరేడు, సపోటా కుటుంబానికి చెందిన పాల చెట్టు ఇందులో పేరున్నవి. వాటి కింద వాక, బలుసు, గొంజి, అడవి నిమ్మ వంటి పొదలుంటాయి. ఆదొండ, ఈశ్వరి, సుగంధిపాల వంటి తీగలు అల్లుకుంటాయి. శ్రీహరికోటలో పేము పొదలు కూడా ఉన్నాయి.

శ్రీహరికోట 1835లో ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. అక్కడి యానాదులు తేనె, మందు వేర్లు, బట్టలకు ఎరుపు అద్దే చిరివేరు సేకరించేవారు. 19వ శతాబ్దంలో మద్రాసు పొయ్యిలకు కట్టెలు కావలసివచ్చినప్పుడు ఈ దీవి అడవిని నరికి పడవల్లో పులికాట్ మీదుగా కాలువలో చేరవేశారు. నరికిన మొదళ్ళు మళ్ళీ చిగిర్చి పెరిగేవి, మళ్ళీ నరికేవారు. ప్రధాన తీరంలో మాత్రం నరికిన చోట అడవి తిరిగి రాలేదు. ఇసుక నేలల్లో సరుగుడు పెట్టారు. గట్టి నేలల్ని దున్నారు. 1980ల చివర నుంచి రొయ్యల చెరువులు తీరమంతా పాకాయి. ఖాళీ నేలలను సర్కారు తుమ్మ ఆక్రమించింది.

1969లో శ్రీహరికోటను రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. దాదాపు 175 చదరపు కిలోమీటర్ల ఈ కేంద్రంలోకి బయటివారు రాకుండా కట్టడి ఉండటంతో కట్టెల నరుకుడు ఆగింది. ఈ తరహా అడవి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఎత్తున మిగిలిన చోటు ఇదే. అయితే దీవిలోనూ సరుగుడు, జామాయిల్ నాటిన భాగాలున్నాయి. ఊళ్ళు ఖాళీ అయినప్పుడు వదిలేసిన పశువులు అడవి పశువులుగా మారి పొదలను మేస్తున్నాయి. నేలపట్టు అభయారణ్యాన్ని 1976లో ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 4.5 చదరపు కిలోమీటర్లు. చెరువులోని నీటి కడప చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులకు అది ప్రసిద్ధి. కానీ చెరువు చుట్టూ పాల చెట్లున్న శుష్క సతతహరిత పొదల అడవి కూడా ఉంది. 2022 ఏప్రిల్ నాటి జిల్లాల పునర్విభజనలో సూళ్ళూరుపేట, శ్రీహరికోట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. ప్రకృతిపరంగా మాత్రం ఇవన్నీ ఒకే తీరానికి చెందినవి.

ఆకుకూ పురుగుకూ ఉన్న ముడి

మొక్క కదలలేదు కాబట్టి తన ఆకుల్లో విషం, చేదు, పాలు, జిగురు, ముళ్ళు పెట్టుకుని రక్షించుకుంటుంది. ఒక మొక్క రసాయనాన్ని అరిగించుకునే శక్తి సంపాదించిన పురుగుకు ఆ మొక్క మీద పోటీ తగ్గుతుంది. కానీ ఆ నేర్పుకు మూల్యం ఉంది. ఆ మొక్క తప్ప మరొకటి దానికి గిట్టదు. ఇలా మొక్కలూ సీతాకోకచిలుకలూ ఒకదాన్నిబట్టి ఒకటి మారుతూ వచ్చాయని పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ 1964లో రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది వేసింది. ఒకటి రెండు రకాల మొక్కలనే తినేవాటిని ఏకభక్షకాలనీ, అనేక రకాలు తినేవాటిని బహుభక్షకాలనీ అంటారు. పురుగు ఆధారపడే మొక్క దానికి ఆతిథేయి.

నెల్లూరు తీరంలో ఈ రెండు కొసలకూ, మధ్యనున్న మెట్లకూ ఉదాహరణలు దొరుకుతాయి. పొగాకు లద్దె పురుగు వందకు పైగా రకాల మొక్కలు తింటుంది. వేరుశనగ, పొగాకు, మిరప, ఆముదం ఏదైనా దానికి సరే. కామన్ క్రో అనే నల్లని సీతాకోకచిలుక గొంగళి పాలు కారే మొక్కలను తింటుంది. గన్నేరు, మర్రి, సుగంధిపాల వాటిలో ఉన్నాయి. ప్లెయిన్ టైగర్ గొంగళి జిల్లేడును, దాని దగ్గరి బంధువులను తింటుంది. పయొనీర్ అనే తెల్లని సీతాకోకచిలుక ఆదొండ, నల్ల ఉప్పి వంటి వాటి మీద గుడ్లు పెడుతుంది. స్మాల్ సాల్మన్ అరబ్ అనే చిన్న సీతాకోకచిలుకకు తెల్ల ఉప్పి, వరగోగు కావాలి. ఇవి ఉప్పునేలల్లో, గట్ల మీద పెరిగే పొదలు. కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే రెండు తోక సీతాకోకచిలుకలకు మాత్రం ఈశ్వరి తీగ, దాని బంధువైన గాడిదగడపాకు తప్ప మరో తిండి లేదు.

తల్లి సీతాకోకచిలుక తేనె తాగే పువ్వుకూ, పిల్ల తినే ఆకుకూ సంబంధం ఉండనక్కరలేదు. సర్కారు తుమ్మ, లాంటానా పూసిన చోట రెక్కల పురుగులు ఎన్నో కనిపిస్తాయి. అంతమాత్రాన అక్కడ అవి సంతానం పెంచుకుంటున్నట్టు కాదు. పూలు పుష్కలంగా ఉన్నా గొంగళికి ఆకు దొరకకపోతే ఆ జాతికి ఆ నేల దారిలోని విడిది మాత్రమే. అందువల్ల ఎగిరే సీతాకోకచిలుకలను లెక్కపెట్టి ఒక తోపు ఆరోగ్యాన్ని అంచనా వేయడం తప్పుదోవ పట్టిస్తుంది. గుడ్లు, గొంగళులు ఉన్నాయా అన్నదే అసలు కొలత.

విస్తీర్ణం, దూరం

రాబర్ట్ మకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ 1967లో ప్రచురించిన దీవుల జీవభౌగోళిక సిద్ధాంతం ప్రకారం ఒక దీవిలో ఎన్ని జాతులుంటాయన్నది రెండిటి మీద ఆధారపడుతుంది. చిన్న దీవిలో జాతులు త్వరగా అంతరిస్తాయి. దూరపు దీవికి కొత్తవి తక్కువగా వస్తాయి. పొలాల మధ్య మిగిలిన అడవి ముక్కలకూ ఇదే తర్కాన్ని వర్తింపజేశారు. అది కొంతవరకు సరిపోయింది కానీ పూర్తిగా కాదు. దీవి చుట్టూ ఉన్న సముద్రంలో సీతాకోకచిలుకకు తిండి లేదు. అడవి ముక్క చుట్టూ ఉన్న పొలంలో కొన్నిటికి ఉంటుంది.

ఫిన్లాండ్‌లోని ఓలాండ్ దీవుల్లో ఇల్కా హాన్‌స్కీ 1990ల తొలినాళ్ళ నుంచి గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుకను పరిశీలించారు. దాని గొంగళులు రెండు రకాల గడ్డి మైదానపు మొక్కలనే తింటాయి. ఆ మొక్కలున్న పచ్చిక ముక్కలు అక్కడ సుమారు 4,000. ఏ సంవత్సరం చూసినా వాటిలో ఎక్కువ భాగం ఖాళీయే. ఏటా కొన్ని ముక్కల్లో జాతి నశిస్తుంది, ఖాళీగా ఉన్న మరికొన్నిటికి పక్కవాటి నుంచి వలస వస్తుంది. నశించడం కన్నా చేరడం వెనకబడనంతకాలం మొత్తం మీద జాతి నిలుస్తుంది. ఇందులో నుంచి ముఖ్యమైన పాఠం వచ్చింది. ఈ ఏడాది పురుగు లేని ముక్క పనికిరాని ముక్క కాదు. వచ్చే ఏడాది ఆ జాతిని నిలబెట్టేది అదే కావచ్చు.

తుఫానులు తరచుగా తాకే తీరంలో ఈ పాఠానికి మరింత బరువు ఉంటుంది. 1984 నవంబర్‌లో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీవ్ర తుఫానులు తీరం దాటాయి. గాలి ఆకులను దూసేస్తే, ఉప్పునీరు లేత చిగుళ్ళను మాడిస్తే ఆ తరం గొంగళులకు తిండి ఉండదు. నాలుగైదు ఈశ్వరి తీగలున్న చిన్న తోపులో అలాంటి ఒక్క దెబ్బ చాలు, అక్కడి రోజ్ సీతాకోకచిలుకలు తుడిచిపెట్టుకుపోవడానికి. పక్కన మరో తోపు ఉంటే అవి తిరిగి వస్తాయి. లేకపోతే తీగ మళ్ళీ చిగిర్చినా దాన్ని తినే పురుగు రాదు.

ఎగరగలిగేవి, ఎగరలేనివి

దూరం అన్నది అన్ని పురుగులకూ ఒకటి కాదు. క్రిమ్సన్ రోజ్ బలమైన రెక్కలున్నది, గుంపులుగా వలస పోతుందని పేరు. రేల, తంగేడు వంటి మొక్కల ఆకులు తినే ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకలు పేరుకు తగ్గట్టే వలసజీవులు. పైగా తంగేడు రోడ్డు పక్కనే పెరుగుతుంది. వీటికి పది కిలోమీటర్ల రొయ్యల చెరువులు పెద్ద అడ్డు కాదు. రెక్కలున్నా నీడ విడిచి పోవడానికి ఇష్టపడని చిన్న చిమ్మెటలకు, ఆకు పొరల మధ్య సొరంగాలు తవ్వే పురుగులకు, ఎగరలేని ముక్కు పురుగులకు, పుల్ల పురుగులకు అదే ఎడం దాటరానిది.

ఒక్కోసారి అతి చిన్న పురుగే అతి దూరం పోతుంది. మర్రి, మేడి, రావి వంటి చెట్ల కాయల్లో ఉండే కందిరీగలు ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవుంటాయి. బతికేది ఒకటి రెండు రోజులు. అవి కాయలోపలి పూలకు పరాగసంపర్కం చేస్తాయి, కొన్ని పూలలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు అక్కడ గింజ కావలసిన భాగాన్ని తిని పెరుగుతాయి. అంటే ఇవి ఒకే సమయంలో చెట్టుకు మిత్రులు, గింజ తినే పురుగులు. నమీబియాలో నది గట్ల వెంట దూరదూరంగా ఉన్న అత్తి జాతి చెట్ల మీద చేసిన పరిశోధనలో ఈ కందిరీగలు గాలి వాలున 160 కిలోమీటర్ల దాకా పుప్పొడి మోసినట్టు జన్యు పరీక్షలు చూపించాయి. ఊరికొక మర్రి మిగిలినా దానికి పరాగసంపర్కం ఆగకపోవడానికి ఇదొక కారణం. కాబట్టి పురుగు చిన్నది గనుక దూరం పోలేదని ముందే అనుకోవడానికి లేదు. దాని జీవిత విధానం తెలియాలి.

తోపుకూ తోపుకూ నడుమ

గూడూరు ప్రాంతం నిమ్మ తోటలకు, నిమ్మ మార్కెట్‌కు పేరుమోసింది. నిమ్మ కుటుంబపు అడవి మొక్కలైన గొంజి, అడవి నిమ్మ, వెలగ తీరపు అడవిలోనివే. వాటిని తినే రెండు సీతాకోకచిలుకలకు నిమ్మ తోట విస్తరించడం కలిసొచ్చింది. ఒకటి నిమ్మ సీతాకోకచిలుక. పక్షి రెట్టలా కనిపించే దాని చిన్న గొంగళిని, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారే లద్దెను రైతులు ఆకు తినే పురుగుగా ఎరుగుదురు. రెండోది కామన్ మోర్మన్. అది నిమ్మతో పాటు పెరట్లోని కరివేపాకు మీదా బతుకుతుంది. ఈ రెండిటికీ అడవి తగ్గిన కొద్దీ తిండి తగ్గలేదు, ఇంకా పెరిగింది.

కామన్ మోర్మన్ కథలో మరో మడత ఉంది. దీని ఆడ సీతాకోకచిలుకల్లో కొన్ని మగవాటిలాగే ఉంటాయి. కొన్ని కామన్ రోజ్‌లా, కొన్ని క్రిమ్సన్ రోజ్‌లా రంగులు దిద్దుకుని ఉంటాయి. ఒకే జాతి ఆడవాటిలోని ఈ వేషాలను ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లోనే వివరించాడు. వేషం వెనక కారణం ఈశ్వరి తీగలో ఉంది. ఆ తీగలోని అరిస్టలోకిక్ ఆమ్లాన్ని రోజ్ సీతాకోకచిలుకలు గొంగళి దశలోనే ఒంట్లో దాచుకుంటాయి. వాటిని ఒకసారి రుచి చూసిన పక్షి మళ్ళీ ముట్టదు. విషం లేని మోర్మన్ అదే రంగులు వేసుకుని ఆ భయాన్ని వాడుకుంటుంది.

ఇప్పుడు నిమ్మ తోటలున్నచోట వేషధారికి తిండి సమృద్ధిగా ఉంది. అసలు విషజీవికి కావలసిన ఈశ్వరి తీగ మాత్రం పొదలు కొట్టేసిన కొద్దీ తగ్గుతోంది. మందు వేరు కోసం దాన్ని తవ్వుకుపోవడం కూడా ఉంది. రోజ్ సీతాకోకచిలుకలు అరుదైన చోట పక్షులకు ఆ రంగుల భయం నేర్పేవారుండరు, వేషానికి విలువ పడిపోతుంది. జపాన్ దక్షిణాన ఉన్న ర్యుక్యూ దీవుల్లో పరిశోధకులు ఇలాంటి సంబంధాన్నే గమనించారు. కామన్ రోజ్ ఎక్కువగా ఉన్న దీవుల్లో మోర్మన్ ఆడవాటిలో వేషం వేసినవి ఎక్కువగా ఉన్నాయి. అంటే ఒక తీగ పోయినప్పుడు నష్టం దాన్ని తినే పురుగుతో ఆగదు. నిమ్మాకు తిని బతికే మరో పురుగు రక్షణ దాకా పోతుంది.

తోపుల నడుమ ఉన్న నేల అన్నిటికీ నిమ్మ తోటలా ఉదారంగా ఉండదు. సరుగుడుకు ఆకులనదగ్గ ఆకులే లేవు. ఆకుపచ్చని సన్నని కొమ్మలే ఆ పని చేస్తాయి. తీరపు అడవిలోని ఆకు పురుగుల్లో దాన్ని తినగలిగేవి బహు తక్కువ. బెరడు తొలిచే ఇండార్బెలా వంటి బహుభక్షకాలు మాత్రం దానికీ పడతాయి. మైపాడు, కోడూరు తీరాల్లో కనిపించే సరుగుడు వరసలు గాలినీ ఇసుకనూ ఆపుతాయి. కొన్ని పురుగులకు దాటే దారిలో నీడనిస్తాయి. అడవి పురుగులకు తిండి మాత్రం ఇవ్వవు.

అంచు ప్రభావం

అడవి ముక్కలైతే విస్తీర్ణంతో పోలిస్తే అంచు పెరుగుతుంది. అంచులో వెలుతురు, వేడి, గాలి ఎక్కువ, తేమ తక్కువ. ఈ మార్పులు లోపలికి 100 మీటర్లు వస్తాయనుకుంటే, కిలోమీటరు భుజం ఉన్న చదరపు అడవిలో 100 హెక్టార్లకు 64 హెక్టార్లే అసలు లోపలి అడవి. రెండు వందల మీటర్ల భుజం ఉన్న చదరపు తోపు దాదాపు పదెకరాలు. అందులో లోపలి అడవి అంటూ ఏమీ మిగలదు, అంతా అంచే. ప్రపంచంలో మిగిలిన అడవిలో 70 శాతం ఏదో ఒక అంచుకు కిలోమీటరు లోపే ఉందని 2015లో నిక్ హడాడ్, ఆయన సహచరులు లెక్కగట్టారు.

అంచులో పెరిగే మొక్కలు తరచుగా త్వరగా ఎదిగే రకాలు. అవి ఆకుల్లో రక్షణకు పెట్టే ఖర్చు తక్కువ, వేసే చిగుళ్ళు ఎక్కువ. లేత చిగురులో నత్రజని ఎక్కువ, పీచు తక్కువ కాబట్టి గొంగళికి అది మేలైన తిండి. బ్రెజిల్ అట్లాంటిక్ అడవి అంచుల్లో ఆకులు కత్తిరించే చీమల పుట్టలు లోపలి అడవిలో కన్నా దట్టంగా ఉండటానికి ఇదొక కారణంగా తేలింది. అమెజాన్‌లో మనాస్ దగ్గర థామస్ లవ్‌జాయ్ 1979లో మొదలుపెట్టిన ప్రయోగంలో 1, 10, 100 హెక్టార్ల అడవి ముక్కలను విడదీసి దశాబ్దాలుగా పరిశీలించారు. అక్కడ వెలుతురు ఇష్టపడే సీతాకోకచిలుకలు ముక్కల్లోకి చొరబడ్డాయి, నీడ కావలసినవి తగ్గాయి. కొన్ని చిన్న ముక్కల్లో జాతుల సంఖ్య పెరిగినట్టు కనిపించినా పెరిగినవి ఎక్కడైనా దొరికే సాధారణ జాతులే.

నెల్లూరు తీరపు అడవికి అమెజాన్ కొలతలు యథాతథంగా అన్వయించవు. ఇక్కడి చెట్లు పొట్టివి, కొమ్మల మధ్య వెలుతురు ముందే దిగుతుంది, ఉప్పుగాలికి ఆకులు అలవాటుపడ్డాయి. కాబట్టి అంచుకూ లోపలికీ తేడా అంత తీవ్రంగా ఉండదు. ఇక్కడి అంచుకు అసలు ప్రమాదం వెలుతురు కన్నా మేకలు, కట్టెల కోత, వేసవి మంటలు, లోపలికి పాకే సర్కారు తుమ్మ. ఇవి చెట్లకన్నా ముందు నేల దగ్గరి తీగలను, పొదలను తీసేస్తాయి. ఏకభక్షక గొంగళులకు కావలసిన మొక్కలు ఎక్కువగా ఆ వరసలోనివే. పైనుంచి ఉపగ్రహ చిత్రంలో పచ్చగా కనిపించే తోపు, కింద గొంగళులకు ఖాళీ కంచంలా ఉండవచ్చు.

పురుగుకు శత్రువులు తగ్గితే

ఆకు తినే పురుగును అదుపులో ఉంచేది ఆకులోని విషమొక్కటే కాదు. గుడ్లలో, గొంగళుల్లో గుడ్లు పెట్టి వాటిని లోపలినుంచి తినే పరాన్నజీవి కందిరీగలు, ఈగలు, సాలీళ్ళు, చీమలు, పక్షులు అన్నీ కలిసి ఆ పని చేస్తాయి. వీటి ఆహారం ఆకు తినే పురుగు. ఆ పురుగు ఎంత అరుదైతే శత్రువు అంతకన్నా అరుదు. అందువల్ల ఆహారపు గొలుసులో పైమెట్టున ఉన్నవి ఖండీకరణకు ముందుగా లొంగుతాయి. జర్మనీలో ఆండ్రియాస్ క్రూస్, టేయా చార్న్‌ట్కే 1994లో ప్రచురించిన పరిశోధనలో ఎర్ర క్లోవర్ మొక్కలను విడివిడి మళ్ళలో పెంచి చూశారు. గింజ తొలిచే, కాండం తొలిచే పురుగులు దూరపు మళ్ళకు కూడా చేరాయి. వాటి మీద బతికే పరాన్నజీవులు మాత్రం దూరం పెరిగిన కొద్దీ గణనీయంగా తగ్గాయి. అక్కడ పరీక్షించిన దూరం 500 మీటర్ల లోపే.

కెనడాలోని ఒంటారియోలో టెంట్ గొంగళులు చెట్ల ఆకులను ఊడ్చేసే ఉద్ధృతి ముక్కలైన అడవుల్లో ఎక్కువ సంవత్సరాలు సాగుతుందని జెన్స్ రోలాండ్ 1993లో చూపించారు. వెనిజులాలో గురి జలాశయం నిండినప్పుడు కొండ శిఖరాలు దీవులయ్యాయి. వేటాడే జంతువులు లేని చిన్న దీవుల్లో ఆకులు కత్తిరించే చీమలు, ఇగ్వానాలు, హౌలర్ కోతులు ప్రధాన భూభాగంలో కన్నా 10 నుంచి 100 రెట్లు దట్టంగా ఉన్నాయని జాన్ టెర్బోర్గ్ బృందం 2001లో వెల్లడించింది. అక్కడ చెట్ల మొలకలు ఎదగడం బాగా తగ్గిపోయింది.

ఆంధ్ర రైతులకు ఇదే సూత్రం జామాయిల్ తోటల్లో మరో రూపంలో ఎదురైంది. 2000ల తొలినాళ్ళలో బయటినుంచి వచ్చిన లెప్టోసైబీ అనే చిన్న కందిరీగ జామాయిల్ లేత ఆకుల ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు కట్టించి మొక్కలను గిడసబార్చింది. అది తన శత్రువులను వెంట తెచ్చుకోలేదు. ఒకే రకం చెట్టు వేల ఎకరాల్లో దానికి విందుగా దొరికింది. తర్వాత తట్టుకునే రకాలు, పరాన్నజీవి కందిరీగల సాయంతో దాన్ని అదుపు చేయవలసి వచ్చింది. సహజమైన అడవి ముక్కలు చుట్టుపక్కల పంటలకు ఇలాంటి మిత్ర కీటకాలను సరఫరా చేసే చోట్లు. అవి పోతే ఆ సరఫరా ఆగుతుంది. వేరుశనగ మీద లద్దె పురుగుకు అది లాభం.

మొక్కకు ఏమవుతుంది

పురుగులు పెరిగినా తగ్గినా ఆతిథేయి మొక్క మీద ప్రభావం ఉంటుంది. పెరిగితే ఆకు నష్టం వల్ల పూత, కాత తగ్గుతాయి. పెద్ద చెట్టు తట్టుకుంటుంది, మొలక తట్టుకోలేదు. గింజ తొలిచే పురుగుల నష్టం మరింత నేరుగా ఉంటుంది. చింతగింజల్లో, రేల గింజల్లో కన్నం చేసే పురుగు నిల్వ చేసిన వేరుశనగకూ పడుతుంది. గోదాముల్లో, పెరళ్ళలో తిండి ఏడాది పొడుగునా దొరికే చోట అలాంటి పురుగు సంఖ్య అడవి చెట్టు కాపును బట్టి ఉండదు. ఒంటరిగా మిగిలిన రేల చెట్టు కాపంతా దానికి చిక్కవచ్చు.

పురుగులు తగ్గడం మొక్కకు మేలని అనిపిస్తుంది. అదీ అన్నివేళలా నిజం కాదు. డేనియల్ జాన్‌జెన్ 1970లో, జోసెఫ్ కానెల్ 1971లో విడివిడిగా ఒక వివరణ ఇచ్చారు. తల్లి చెట్టు చుట్టూ దాని గింజలను, మొలకలను తినే ప్రత్యేక శత్రువులు గుమిగూడతాయి. అందువల్ల దూరంగా పడిన గింజకే బతికే అవకాశం ఎక్కువ. ఏ ఒక్క జాతీ అడవిని ఆక్రమించకుండా ఆపే బలాల్లో ఇదొకటి. ప్రత్యేక శత్రువులు నశించిన ముక్కలో ఈ పట్టు సడలుతుంది. కొద్ది జాతులే మిగతావాటిని తోసి పెరిగే వీలు ఏర్పడుతుంది. పైగా చాలా గొంగళులు రెక్కలొచ్చాక పరాగసంపర్కం చేసేవే. ఆకు తినేవాడిని పోగొట్టుకున్న మొక్క ఒక్కోసారి పుప్పొడి మోసేవాడినీ పోగొట్టుకుంటుంది.

నష్టం వెంటనే కంటికి కనిపించదు. పాల చెట్టు చాలా కాలం బతికే చెట్టు. మొలకలు నిలవకపోయినా ముసలి చెట్లున్నంతకాలం తోపు చెక్కుచెదరనట్టే ఉంటుంది. తీగలు, పొదలు కూడా నరికిన మొదళ్ళ నుంచి, వేర్ల నుంచి ఏళ్ళ తరబడి చిగురిస్తూ ఉండగలవు. కారణం ఈరోజు ఏర్పడి అంతరించడం దశాబ్దాల తర్వాత జరిగే ఈ స్థితిని శాస్త్రజ్ఞులు అంతరింపు బాకీ అంటారు. పురుగుల తరాలు నెలల్లో మారతాయి కాబట్టి బాకీ ముందు వాటిలో తీరుతుంది, చెట్లలో తర్వాత. అందుకే ఆకు పురుగుల జాబితా తోపు భవిష్యత్తుకు ముందస్తు సూచన అవుతుంది.

కాపాడవలసినవి

ఈ తీరంలో ఏ ముక్క విలువ ఏమిటన్నది ఈ లెక్కల్లో నుంచే తేలుతుంది. శ్రీహరికోట వలసలకు మూలస్థానం. లోపలి అడవి కావలసిన జాతులు, ఎగరలేని పురుగులు, పైమెట్టు పరాన్నజీవులు నిలవగలిగేంత విస్తీర్ణం అక్కడే ఉంది. అడవి పశువుల మేతను తగ్గించడం, నాటిన సరుగుడు, జామాయిల్ భాగాల్లో స్థానిక చెట్లు తిరిగి లేచేలా చూడటం అక్కడ చేయదగ్గ పనులు. నేలపట్టులో చెరువుతో పాటు చుట్టూ ఉన్న పొదల అడవినీ సమానంగా చూడాలి. నీటి పక్షుల పిల్లలకు చేపలు తిండి అయితే, పొదల్లోని పక్షుల పిల్లలకు గొంగళులు తిండి. గుడి తోపుల్లో నేలను శుభ్రం చేయడమంటే చాలా చోట్ల పొదలు, తీగలు కొట్టేసి పెద్ద చెట్లు మాత్రం ఉంచడమే. ఆ పనివల్ల నీడ మిగిలినా ఆతిథేయి మొక్కలు పోతాయి.

అన్నిటికన్నా తక్కువ గుర్తింపు ఉన్నది పొలం కంచెలకు. ఆదొండ, నల్ల ఉప్పి, తెల్ల ఉప్పి, బలుసు, జిల్లేడు బంధువైన దుష్టపు తీగ అల్లుకున్న పాత ముళ్ళకంచె వెడల్పు రెండు మూడు గజాలే కావచ్చు. అందులో లోపలి అడవి లేదు. కానీ పయొనీర్‌కూ, సాల్మన్ అరబ్‌కూ, టైగర్ సీతాకోకచిలుకలకూ అది తిండీ, దారీ రెండూ. రాతి కూసాలు పాతి తీగ బిగించిన కొత్త కంచె పశువులను అంతే బాగా ఆపుతుంది, పురుగుల రాకపోకలను మాత్రం తెంచుతుంది. కాలువ గట్లు, చెరువు కట్టలు, రోడ్డు పక్క నేలలు కూడా ఇలాంటి దారులే. తీరంలో పచ్చదనం పెంచే పథకాల్లో సరుగుడు వరసల మధ్య స్థానిక పొదలనూ తీగలనూ చేర్చితే పెద్దగా ఖర్చు లేకుండా తోపులను కలపవచ్చు. ఎంత విస్తీర్ణంలో మొక్కలు నాటారన్న లెక్కతో పాటు నాటినవాటిలో ఏవి ఏ పురుగుకు ఆతిథేయులన్న లెక్క కూడా అప్పుడు కావాలి.